ఒకే పడుగు మీద రెండు బట్టలు: రిజిడ్ హెడిల్ మగ్గం మీద డబుల్ వీవ్

పోయిన సంక్రాంతికి మా నాయన ధర్మవరం నుంచి బెంగళూరు వచ్చాడు. రామమూర్తినగర్‌లో మా ఫ్లాట్‌లోకి అడుగు పెట్టీపెట్టగానే డైనింగ్ టేబుల్ మీదున్న నా మగ్గం కనపడింది. "ఇది మగ్గమా పాపా, పీటనా?" అన్నాడు. నలభై ఏండ్లు గుంట మగ్గంలో కాళ్లు పెట్టి పట్టుచీరలు నేసిన మనిషి అనక ఏమంటాడు! నేనేం మాట్లాడకుండా దాని మీదున్న బట్ట అంచు ఎత్తి, ఆయన వేలు పట్టుకుని లోపలికి దూర్చాను. పైన ఎర్ర బట్ట, కింద తెల్ల బట్ట, మధ్యలో ఖాళీ. వేలు అటూ ఇటూ తిప్పి చూసి, "రెండు పడుగులు ఏసినావా?" అని అడిగాడు. ఒకటే అన్నాను. ఆ పూట టిఫిన్ చల్లారిపోయింది.

ఒకే పడుగుతో, అంటే ఒకే నిలువు పోగుల వరసతో, రెండు పొరలు ఒకేసారి నేసే ఈ డబుల్ వీవ్ గురించి ఆయనకు నోటితో చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. రిజిడ్ హెడిల్ మగ్గం (బల్ల మీద పెట్టుకునే చిన్న చేతిమగ్గం) మీద మామూలు నేత, అంటే ఒక టవలో కండువానో, ఒకసారైనా నేసినవాళ్ల కోసం ఇది. అసలే కొత్తయితే ముందు ఒక మామూలు గుడ్డ నేసి రండి.

ఈ మగ్గంలో హెడిల్ అనే దువ్వెనలాంటి చట్రం ఒక్కటే రెండు పనులు చేస్తుంది. పోగుల్ని లేపేదీ అదే, పేకను, అంటే అడ్డంగా వేసే దారాన్ని, దగ్గరికి కొట్టేదీ అదే. దాంట్లో నిలువు సందులుంటాయి. సందుకీ సందుకీ మధ్య పుల్లలో ఒక కన్ను ఉంటుంది. హెడిల్ పైకెత్తితే కంట్లో ఉన్న పోగు లేస్తుంది, కిందికి దించితే దిగుతుంది. సందులో ఉన్న పోగు మాత్రం ఎటూ పోదు, ఉన్నచోటే ఉంటుంది. డబుల్ వీవ్‌లో తిప్పలన్నీ ఈ సందు పోగులతోనే. కంటి పోగులకు హెడిల్ ఉంది కాబట్టి అవి చెప్పినమాట వింటాయి. సందు పోగుల్ని వినేట్టు చేయడానికే మనం కర్రలు వాడతాం.

రెండు హెడిళ్లు కావాలి. రెండూ ఒకే నంబరువి ఉండాలి. అంగుళానికి పది పోగులు పట్టేది అయితే రెండూ పదే. నాకు రెండో హెడిల్ సెకండ్ హ్యాండ్‌లో అమ్మినాయన పది అని చెప్పి ఏడున్నర పంపించాడు. నేనూ చూసుకోలేదు. సగం పోగులు ఎక్కించాక గానీ, ముందు హెడిల్లోకి పోయే పోగులన్నీ విసనకర్రలా విచ్చుకుంటున్నాయని గమనించలేదు. స్కేలు పెట్టి కొలిస్తే సంగతి బయటపడింది. కొన్న రోజే కొలవండి. రెండో హెడిల్ పెట్టుకునే గాడి కొన్ని మగ్గాలకు ముందే ఉంటుంది, కొన్నిటికి విడిగా కొని బిగించాలి.

పదో నంబరు హెడిళ్లు రెండు కలిస్తే అంగుళానికి 20 పోగులు. అందులో పది పై పొరకు, పది కింది పొరకు. అందుకని ఒక పొరకు ఏ నూలు సరిపోతుందో అదే తీసుకోవాలి, సన్నది తీసుకోకూడదు. నూలును స్కేలు చుట్టూ ఒత్తుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చుట్టండి. అంగుళంలో 20 చుట్లు పడితే సగం, అంటే 10. అదే మామూలు నేతకు లెక్క. ఈ పనికి నునుపుగా ఉండే నూలే మంచిది. నూగు ఉన్న నూలైతే 20 పోగులు పక్కపక్కనే రాసుకుని అతుక్కుపోతాయి. నేను చిక్‌పేటలో ఒక సందు చివరి కొట్లో నాలుగు పురుల అల్లిక నూలు తెచ్చుకుంటాను. రంగులు మాత్రం పగలూ రాత్రీ అన్నంత తేడాగా తీసుకోండి. మొదటిసారి నేను నేవీ బ్లూ, నలుపు తీసుకున్నాను. భలే ఉంటుందనుకున్నా. రాత్రి ట్యూబ్‌లైటు కింద ఏది ఏదో తెలియక ఏడుపొచ్చింది.

ధర్మవరం చీరల్లో డబుల్ షేడ్ అని ఉంటుంది కదా, ఎర్ర పడుగు మీద ఆకుపచ్చ పేక వేస్తే చీర కదిలినప్పుడల్లా రంగు మారినట్టు కనపడుతుంది. మా నాయన ముందు దాన్నే ఊహించుకున్నాడు. ఇది దానికి పూర్తిగా తలకిందులు. ఇందులో రెండు రంగులూ ఎక్కడా కలవవు. ఎర్ర పడుగులో ఎర్ర పేకే, తెల్ల పడుగులో తెల్ల పేకే. రెండు బట్టలు ఒకదాని మీద ఒకటి పుడతాయి, మనం కావాలన్నచోట మాత్రం చోటు మార్చుకుంటాయి. పంజాబులో నేసే ఖేస్ దుప్పట్లలో కొన్ని ఈ పద్ధతివే. గుజరాత్‌లో భరూచ్ సుజనీ నేతగాళ్లయితే రెండు పొరల మధ్య జేబులు చేసి, అందులో దూది నింపుతూ బొంతలాగా నేస్తారు. ఇక్కడ నేను చెప్పేది కూడా దాని చిన్న తోబుట్టువే. వేడి గిన్నె కింద పెట్టుకునే దూది మెత్త, మధ్యలో ఒక వజ్రం బొమ్మ.

పడుగు

లెక్క ఇది: 41 సందులు, సందుకు నాలుగు పోగులు, మొత్తం 164. ఎరుపు 82, తెలుపు 82. వెడల్పు 8 అంగుళాల పైచిలుకు. 41 ఎందుకంటే బేసి సంఖ్య అయితేనే బొమ్మకు నడిమధ్య దొరుకుతుంది. పొడవు 2 మీటర్లు. మగ్గానికి పోయే వృథా తీసేసినా రెండు మెత్తలూ, నేర్చుకునే ముక్కా వస్తాయి. రంగుకు 300 మీటర్ల నూలుంటే పేకకు కూడా సరిపోతుంది.

హాల్లో టేబుల్‌కి మగ్గం బిగించి, బాల్కనీ తలుపు దగ్గర స్టూలుకి మేకు క్లాంపు వేస్తాను. మధ్యలో రెండు గంటలు ఎవరూ తిరగకూడదు. మా ఆయన ఆ టైములో కూరగాయలకు పోతాడు, అది మా ఒప్పందం.

మగ్గానికి వెనక హెడిల్ ఒక్కటే పెట్టుకోండి. రెండు రంగుల కొసల్నీ వెనక కడ్డీకి కట్టి, మొదటి సందులోంచి ఎర్ర నూలు ఉచ్చు ఒకటి లాగి మేకుకి తగిలించండి. అదే సందులోంచి తెల్ల ఉచ్చు ఒకటి. ఉచ్చుకు రెండు పోగులు, సందుకు నాలుగు. పక్క సందుకి పోండి. 41 అయ్యాక మేకు దగ్గర కత్తిరించి, పడుగును వెనక దూలానికి చుట్టండి. పొర పొరకూ మధ్య కాగితం పెట్టడం మరిచిపోవద్దు. నేను పోయినేటి క్యాలెండర్ కాగితాలు దాచుకుంటాను, మందంగా బాగుంటాయి.

ఇప్పుడు ఎక్కింపు. తొందర పడకూడనిది ఇక్కడే.

వెనక హెడిల్లో ప్రతి సందులోంచీ ఒక తెల్ల పోగును తీసి, దాని కుడిపక్క కంట్లోకి ఎక్కించండి. సందులో రెండు ఎరుపు, ఒక తెలుపు మిగులుతాయి. అన్నీ అయ్యాక ముందు హెడిల్ పెట్టండి, సందుకెదురు సందు వచ్చేలా. వెనక సందులో ఉన్న రెండు ఎర్ర పోగుల్లో ఒకటి తీసి ముందు హెడిల్లో ఎడమపక్క కంట్లోకి పోనివ్వండి. మిగిలిన ఎరుపు, మిగిలిన తెలుపు, వెనక కంట్లోంచి వచ్చిన తెలుపు, ఈ మూడూ కలిసి ముందు హెడిల్ సందులోకి. వెనక కుడి, ముందు ఎడమ అని ఎందుకంటే, అలా అయితే రెండు హెడిళ్ల మధ్య పోగులు ఒకదాన్నొకటి దాటవు. రెండు చోట్లా కుడికే ఎక్కిస్తే కంటి పోగులు మధ్యలో మెలిక పడి, పేక పోయే దారి సరిగా తెరుచుకోదు.

అంటే ప్రతి నాలుగు పోగుల్లో ఒక ఎర్ర కంటి పోగు, ఒక ఎర్ర సందు పోగు, ఒక తెల్ల కంటి పోగు, ఒక తెల్ల సందు పోగు. ఈ నలుగుర్నీ మనసులో పెట్టుకుంటే చాలు, మిగతాదేదీ బట్టీ పట్టక్కర్లేదు.

పడుగును ముందు కడ్డీకి కట్టి బిగించాక, నేత మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. ముందు హెడిల్ పైకెత్తితే ఎరుపు మాత్రమే లేవాలి. ఒక్క తెల్ల పోగు తల ఎత్తినా తప్పే. దాన్ని దించి వెనకది ఎత్తితే తెలుపు మాత్రమే లేవాలి. అర నిమిషం పని. నేను మొదటి పడుగుకి ఇది చేయలేదు. 6 అంగుళాలు నేసి కోసి చూస్తే, పదకొండు చోట్ల పై బట్టా కింది బట్టా కుట్టేసినట్టు అంటుకుని ఉన్నాయి. పోగులు లాగి విడదీద్దామని చూస్తే గుడ్డే పోయింది.

కర్ర, ఉచ్చుల కడ్డీ

రెండు హెడిళ్లూ కిందికి దించండి. కంటి పోగులన్నీ దిగిపోయి, సందు పోగులు ఎరుపూ తెలుపూ పైన మిగులుతాయి. హెడిళ్ల వెనక వైపు, బల్లపరుపు కర్ర ఒకటి తీసుకుని, ఎర్ర పోగుల కింద నుంచీ తెల్ల పోగుల మీద నుంచీ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా దూర్చండి. 41 ఎరుపులూ కర్ర మీద ఉండాలి. కర్ర పడుగు కన్నా పొడవుండాలి. దాన్ని వెనక్కి నెట్టేయండి. కర్రను నిలువుగా తిప్పినప్పుడు ఎర్ర సందు పోగులు లేస్తాయి.

తెల్ల సందు పోగులకు కూడా ఇంకో కర్ర పెడితే సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. ఎరుపు కర్ర తెల్ల పోగుల మీద పడుకుని ఉంటుంది కదా, వాటిని లేవనివ్వదు. అందుకని ఆ కర్రకూ వెనక హెడిల్‌కూ మధ్యలో తెల్ల సందు పోగు ఒక్కోదాని కింద నుంచి ఒక దారపు ఉచ్చు తీసి, ఉచ్చు రెండు కొసలూ ఒక సన్నటి కడ్డీకి తగిలించాలి. కడ్డీ ఎత్తితే తెల్లవి లేస్తాయి. 41 ఉచ్చులూ ఒకే పొడవుండాలి. చెక్క మీద రెండు మేకులు కొట్టి, వాటి చుట్టూ తిప్పి ముడేసుకుంటే తేడా రాదు. అన్నీ ఎక్కాక కడ్డీ పొడవునా టేపు అంటించండి, లేకపోతే ఒక్కోటీ జారిపోతుంటాయి. మా నాయన మొత్తం మగ్గంలో మెచ్చుకున్నది ఈ కడ్డీ ఒక్కదాన్నే.

రెండు పొరలు

పైన ఎరుపు, కింద తెలుపు రావాలంటే నాలుగు దారులు:

ఎరుపు ఒకటి: ముందు హెడిల్ పైకి.
ఎరుపు రెండు: హెడిళ్లు రెండూ మామూలు చోట, కర్ర నిలువుగా.
తెలుపు ఒకటి: వెనక హెడిల్ కిందికి.
తెలుపు రెండు: హెడిళ్లు రెండూ పైకి, కర్రను పడుకోబెట్టే వెనక హెడిల్ దాకా ముందుకు జరపాలి.

పై పొర నేసేటప్పుడు ఆ ఒక్క పోగే లేస్తుంది, తక్కినవన్నీ కింద. కింది పొర నేసేటప్పుడు పై పొర మొత్తం అడ్డు తప్పుకోవాలి. అందుకని అక్కడ ఒక్కటి దిగుతుంది, లేదా ఒక్కటి తప్ప అన్నీ లేస్తాయి. నాలుగో దారి కొంచెం ఇరుకుగా తెరుచుకుంటుంది. నాడె (పేక దారం చుట్టి అటూ ఇటూ పంపేది) వేసే ముందు ఫోను టార్చి పక్క నుంచి వేసి చూడండి, మధ్యలో వేలాడే పోగు కనపడుతుంది.

రెండు నాడెలు, ఎరుపుకొకటి తెలుపుకొకటి, వేసుకుంటూ పోతే రెండు విడి బట్టలు. ఒకే నాడెతో ఎరుపు ఒకటి, తెలుపు ఒకటి, ఎరుపు రెండు, తెలుపు రెండు అని తిప్పితే గొట్టం వస్తుంది, సంచికి బాగుంటుంది. గొట్టానికి మొత్తం పోగులు బేసిగా ఉండాలి, అంచులో ఒకటి తీసేయండి. ఎరుపు ఒకటి, తెలుపు ఒకటి, తెలుపు రెండు, ఎరుపు రెండు అని తిప్పితే ఒకవైపు మడత పడి, విప్పితే రెట్టింపు వెడల్పు బట్ట. మడత దగ్గర పోగులు ముడుచుకుని గీతలాగా కనపడుతుంది, అక్కడ పేకను గట్టిగా లాగకపోతే కొంత నయం. రెండిటికీ రెండు పొరలూ ఒకే రంగు వేసుకోవడం మంచిది.

కొట్టేటప్పుడు చేయి తేలిగ్గా ఉండాలి. మనం నాలుగు పేకలు వేస్తే పై పొరకు దక్కేది రెండే. మామూలు నేత అలవాటుతో గట్టిగా కొడితే అట్టలాగా అవుతుంది. మగ్గం మీద గాజుగుడ్డలా పలచగా కనపడినా, నీళ్లలో పడ్డాక దగ్గరవుతుంది.

కింది పొర మనకు కనపడదు కదా, దానికి ఒక చిన్న చేతి అద్దం మగ్గం కింద పెట్టుకోండి. నాలుగు వరసలకోసారి తొంగి చూస్తే చాలు. తప్పు అక్కడికక్కడ దొరికితే నాలుగు పేకలు విప్పాలి, కోసాక దొరికితే విప్పేదేమీ లేదు.

మార్చిలో బెంగళూరు గాలి ఎండిపోయి ఉంటుంది. అప్పుడు పోగులు పెళుసుగా తెగుతాయి. "గుంటలో చెమ్మ ఉంటాది పాపా, ఈడ యాడుంది?" అని మా నాయన తడిగుడ్డ ఒకటి తెచ్చి పడుగు కింద వేలాడదీశాడు. దాని తర్వాత తెగడం తగ్గింది.

వజ్రం

పిల్లాడి లెక్కల నోటుబుక్కులో గళ్ల కాగితం ఒకటి చించుకోండి. ఒక గడి అంటే అడ్డంగా ఒక రంగుకు రెండు పోగులు, నిలువుగా ఒక రంగుకు రెండు పేకలు. వజ్రం తొమ్మిది వరసలు: 1, 3, 5, 7, 9, 7, 5, 3, 1. అటు 16 గడులు, ఇటు 16 గడులు ఎరుపు.

బొమ్మ దగ్గర తెల్ల బట్ట పైకి రావాలి, ఎర్రది కిందికి పోవాలి. ఒక వరసకు చేసేది ఇదీ.

వెనక హెడిల్ ఎత్తి, ఉచ్చుల కడ్డీ కూడా ఎత్తండి. తెల్లవన్నీ లేస్తాయి. హెడిళ్లకు ముందు, బట్ట వైపు, ఇంకో సన్నటి పుల్లతో బొమ్మకు కావలసిన తెల్ల జతల్ని మాత్రమే ఏరండి. మొదటి వరసకు నడిమి జత ఒక్కటే, 21వది. మిగతా తెల్లవి పుల్ల కిందికి వదిలేసి, హెడిల్, కడ్డీ దించండి. పుల్ల అక్కడే ఉంటుంది. ఇప్పుడు ముందు హెడిల్ ఎత్తి, పుల్ల కింద నుంచి ఎర్ర పేక వేయండి. హెడిల్ దించి కర్ర నిలబెట్టి, మళ్లీ పుల్ల కింద నుంచి ఎర్ర పేక. పుల్ల మీదున్న తెల్ల జత కింద నుంచి ఎరుపు పోయింది కాబట్టి అక్కడ ఎరుపు కింది బట్ట అయింది. పుల్ల తీసేయండి.

తర్వాత ఎరుపు వంతు. ముందు హెడిల్ ఎత్తి కర్ర నిలబెడితే ఎర్రవన్నీ లేస్తాయి. ఈసారి బొమ్మలో లేని ఎర్ర జతలన్నీ పుల్ల మీదికి ఏరండి, బొమ్మ దగ్గరవి వదిలేయండి. మొదటి వరసకు 21వ జత తప్ప అన్నీ. దించి, వెనక హెడిల్ ఎత్తి తెల్ల పేక, తర్వాత ఉచ్చుల కడ్డీ ఎత్తి తెల్ల పేక. రెండూ పుల్ల కింద నుంచే. ఒక వరస అయింది. నాలుగు పేకలకు నాకు మొదట్లో పదిహేను నిమిషాలు పట్టేది, ఇప్పుడు ఆరు.

గమనించే ఉంటారు, బొమ్మ నేసేటప్పుడు ఏదీ కిందికి దించే పని లేదు. నాలుగు రకాల పోగులూ ఒక్కోటీ లేవడమే. అడ్డు తప్పించే పని పుల్ల చూసుకుంటుంది. అందుకే నాకు ఉత్త రెండు పొరల కన్నా బొమ్మే సులువనిపిస్తుంది, చేయి నెమ్మదే గానీ బుర్రకు శ్రమ లేదు.

ఏరేటప్పుడు జత విడిపోతే వజ్రం అంచు పళ్లు రాలినట్టు వస్తుంది. ప్రతి వరసకూ ఎడమ నుంచి లెక్కపెట్టడం కన్నా, కింది వరస మీద చూపు పెట్టి, దానికి అటొక జత ఇటొక జత చేరుస్తూ పోవడం తేలిక.

దూది

మెత్త మొదట్లో ఒక అరంగుళం తెల్లది పైన, ఎర్రది కింద నేయండి. తెలుపు పైకి రావాలంటే వెనక హెడిల్ పైకి, తర్వాత ఉచ్చుల కడ్డీ పైకి. ఎరుపు కిందికి పోవాలంటే ముందు హెడిల్ కిందికి, తర్వాత హెడిళ్లు రెండూ ఎత్తి కడ్డీ కూడా ఎత్తాలి. ఆ తర్వాత పైన చెప్పిన నాలుగు దారులకు మారిపోండి. మారిన గీత దగ్గర రెండు బట్టలూ ఒకదాన్నొకటి దాటుకుని మూసుకుపోతాయి. అదే జేబు అడుగు. పక్కలు మూసుకోవడానికి అంచు దగ్గర ఎర్ర పేకనూ తెల్ల పేకనూ ప్రతిసారీ ఒక మెలిక వేయండి.

అంగుళంన్నర నేశాక ముందు హెడిల్ ఎత్తి కర్ర నిలబెడితే ఎర్ర పడుగంతా లేచి జేబు నోరు తెరుచుకుంటుంది. దూదిని విడదీసి, అల్లిక సూది వెనక కొసతో కొంచెం కొంచెంగా లోపలికి తోయండి. కక్కుర్తి పడి కూరితే తర్వాతి పేక అతుక్కోదు, అక్కడ బట్ట గుమ్మడికాయలా ఉబ్బుతుంది. బట్ట మీద చేయి పెడితే పాత దిండంత మెత్తగా ఉంటే చాలు. తర్వాత మళ్లీ పొరలు మార్చండి, జేబు మూసుకుంటుంది. వజ్రం ఉన్న పట్టీకి ఇంకో రెండు వరసలు ఎక్కువ ఉంచుకోండి. వజ్రం గీత పొడుగునా పొరలు దాటుకుంటాయి గనక దూది దాని చుట్టూనే పడుతుంది, బొమ్మ లోపల పడదు. బొమ్మ లోపల కూడా కావాలంటే వజ్రం సగం నేశాక దానిలోకి విడిగా తోయాలి.

చివర అరంగుళం ఉత్తి నేత నేసి, పడుగు పోగుల్ని నాలుగేసి చొప్పున ముడేసి కోయండి.

ఉతికే ముందు ఎర్ర నూలు ముక్క ఒకటి తడిపి తెల్లగుడ్డ మీద ఒత్తి చూడండి. ఇది నిజానికి నూలు కొన్న రోజే చేయాలి. నేను చేయక, మొదటి మెత్త తెల్లవైపు తాంబూలం నమిలి ఉమ్మినట్టయింది. రంగు దిగకపోతే గోరువెచ్చటి నీళ్లలో అరగంట నాననిచ్చి, పిండకుండా టవల్లో చుట్టి ఒత్తి, నీడలో ఆరేయండి. దూది ఉంది కాబట్టి రెండు రోజులు పడుతుంది.

రెండో మెత్త మా నాయన ధర్మవరం తీసుకుపోయాడు. వారం తర్వాత అమ్మ ఫోను చేసింది. పప్పు గిన్నె కింద పెట్టుకుందామని చూస్తే మెత్త ఒక మూల విప్పేసి ఉందట, దూది బయటపడి ఉందట, ఆయన అరుగు మీద కూర్చుని భూతద్దంతో పోగులు లెక్కపెడుతున్నాడట. "ఇంకొకటి నేసి పంపుమ్మా," అంది, "ఈసారి నాకని చెప్పి."